తెడ్డు మీద పేరుండదు

పామూరు వైపు పాత ఇళ్ళలో ఇత్తడి బిందె మీదో, రాగి చెంబు మీదో పేరు చెక్కి ఉంటుంది. ఎవరి పెళ్ళికి ఎవరు పెట్టారో ఆ అక్షరాలే చెప్తాయి. అదే వంటింట్లో సంగటి కెలికే తెడ్డు మీద ఏమీ ఉండదు. రోజూ అరిగేదే కదా, పేరెందుకు? అరిగాక పొయ్యిలో కట్టెల్లో కలిసిపోయేది. చెదలు పట్టినా అంతే. అందుకే ఇంటి చరిత్రలో లోహం మాట్లాడినంతగా కొయ్య మాట్లాడదు.

కొయ్య పని ఇంకా బతికున్న ఊరు మాత్రం దగ్గర్లోనే ఉంది, ఉదయగిరి. ఇప్పుడంటే జిల్లాలు వేరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి ప్రాంతం కూడా నెల్లూరు జిల్లాలోదే. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు మార్చారు.

ఉదయగిరి అనగానే 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట గుర్తొస్తుంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కొయ్యతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కేవాళ్ళది వేరే చరిత్ర. ఈ పనిలో ఆడవాళ్ళూ ఉన్నారు. కాడల మీద సన్నటి నగిషీ వీళ్ళ ప్రత్యేకత. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది, 'ఉదయగిరి ఉడెన్ కట్లరీ' అనే పేరుతో.

ఆ పేరే ఆలోచింపజేస్తుంది. సంగటి ముద్దని చేత్తో తినే నేల మీద ఫోర్కుతో పనేముంది? అది మన కంచం కోసం చెక్కింది కాదు. మన వంటింట్లోకి అప్పటికే సత్తు, ఆ తర్వాత స్టీలు వచ్చేశాయి. కొయ్యపని బయటివాళ్ళ బల్ల మీదకి, బహుమతుల అంగడికి తోవ వెతుక్కుంది.

మళ్ళీ కొయ్య గరిటెని మన ఇళ్ళకి తెచ్చింది నాన్‌స్టిక్ పెనం. 1956లో ఫ్రాన్సులో టెఫాల్ కంపెనీ మొదలైంది ఈ పెనాలతోనే. ఆ పూత మీద స్టీలు గరిటె తగిలితే గీతలు పడతాయి. దాంతో అపార్టుమెంట్ల వంటిళ్ళలో చెక్క గరిటె మళ్ళీ అవసరమైంది. కానీ ఆన్‌లైన్‌లో మనం కొనేది ఎక్కువగా మిషన్ మీద కోసిన నున్నటి పలక.

పాత చెక్క సామాను 'యాంటిక్' అని వేలు పోసి కొని గోడకి తగిలించేవాళ్ళున్నారు. తప్పేం లేదు. కానీ కొయ్య గరిటె వందేళ్ళు దాచుకునే వస్తువు కాదు. అది అరగాలి, అరిగాక ఇంకొకరు ఇంకొకటి చెక్కాలి. గోడ మీది గరిటె ఆ చేతికి రేపటి పని ఇవ్వదు. ఉదయగిరి గరిటె ఒకటి కొని, పప్పులో పెట్టి తిప్పి, అరగ్గొట్టి, మళ్ళీ అక్కడే ఇంకొకటి కొంటే ఇస్తుంది.