ఎవరి చీటీ వారిదే

కాచిగూడ రైల్వేస్టేషన్ 1916లో నిజాం హయాంలో కట్టింది. కంప్యూటర్లు రాకముందు అక్కడ టికెట్ తీసుకోవాలంటే కిటికీకి ఇటు మనిషి, అటు గుమాస్తా. ముందున్నవారు చిల్లర లెక్క చూసుకుని పక్కకు జరిగితేనే వెనకవారి వంతు. ఒకరి పని ఇంకొకరి పనిలో కలిసే వీలే లేదు.

ఇవాళ స్టేషన్ నుంచి కాచిగూడ చౌరస్తా వైపు నడిచి ఏ నెట్ సెంటర్‌లోకి తొంగిచూసినా, ఒక్క కంప్యూటరు చుట్టూ నలుగురు కనిపిస్తారు. ఒకరికి రైలు టికెట్, ఒకరికి ఆదాయ ధ్రువపత్రం, ఒకరికి కరెంటు బిల్లు, ఇంకొకరికి కూతురి పరీక్ష ఫీజు. ఆ నలుగురి లాగిన్లూ ఒకే తెర మీద ఉంటూ కలిసిపోకుండా ఉండడం వెనక ముప్పై ఏళ్ల కథ ఉంది.

ఆ కథ 1994లో మొదలవుతుంది. ఆ ఏడాదే సికింద్రాబాద్‌లో రైల్వే కొత్త రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ ‘కాన్సర్ట్’ పని ప్రారంభించింది. అక్కడ టెర్మినల్ ముందు కూర్చునేది ఒక్క గుమాస్తానే గనక, ఎవరు అడుగుతున్నారన్న అనుమానం యంత్రానికి లేదు. అదే ఏడాది అమెరికాలో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లికి సరిగ్గా ఆ అనుమానమే ఎదురైంది. వెబ్‌కు జ్ఞాపకశక్తి లేదు. మొదటి పేజీ అడిగినవారూ రెండో పేజీ అడిగినవారూ ఒకరేనని సర్వర్‌కు తెలియదు. ఆయన కనిపెట్టిన విరుగుడే కుకీ. గుడి ముందు చెప్పులు తీసుకుని టోకెన్ ఇచ్చినట్టు, సర్వర్ బ్రౌజర్ చేతికి ఒక చీటీ ఇస్తుంది. బ్రౌజర్ ప్రతిసారీ దాన్ని చూపిస్తుంది. లాగిన్ నుంచి లాగౌట్ దాకా ఆ చీటీ చెల్లుబాటయ్యే వ్యవధినే సెషన్ అంటున్నాం.

ఆ చీటీ అందుకునేది బ్రౌజర్, మనిషి కాదు. ఇంట్లో ఒక్కరే వాడుకునే కంప్యూటరుకు దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ మన దగ్గర కంప్యూటరు చాలామందికి ఉమ్మడి సొత్తుగానే పరిచయమైంది. 2001లో ఈ-సేవ కేంద్రాలు, 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు, 2011లో మీ-సేవ వచ్చాయి. ఒక్కో సేవ చేరినకొద్దీ ఒక్క బ్రౌజర్ నలుగురి తరఫున మాట్లాడాల్సి వచ్చింది.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రోజుల్లో ఆపరేటర్లకు ఒక కిటుకు తెలుసు. కంట్రోల్, ఎన్ నొక్కి తెరిచిన కొత్త విండో పాత చీటీనే పంచుకునేది. అందులో రెండో మనిషి ఖాతాలో లాగిన్ అయితే మొదటి చీటీ చెరిగిపోయేది. పాత విండోలో మొదటివారి ఫారం కళ్లెదుట అలాగే ఉండేది. సబ్మిట్ నొక్కగానే అది రెండోవారి ఖాతాలో పడేది. అందుకే తెలిసినవారు డెస్క్‌టాప్ మీది ఐకాన్‌నే మళ్లీ రెండుసార్లు క్లిక్ చేసేవారు. అలా తెరిస్తే చీటీ వేరు.

2004లో ఫైర్‌ఫాక్స్, 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 ట్యాబులను అందరికీ అలవాటు చేశాయి. ట్యాబులు ఎన్ని ఉన్నా చీటీల పెట్టె ఒక్కటే. 2008లో క్రోమ్ ఇన్‌కాగ్నిటో తెచ్చింది. ఇన్‌కాగ్నిటో విండోలన్నీ తమలో తాము ఒకే పెట్టె పంచుకుంటాయి కాబట్టి, ఒక సైటులో ఇద్దరికి మించి చోటు దొరకలేదు. ఎక్స్‌ప్లోరర్ 8 మెనూలో ‘న్యూ సెషన్’, క్రోమ్ ప్రొఫైళ్లు, 2017లో ఫైర్‌ఫాక్స్ కంటైనర్లు ఆ కొరత తీర్చాయి.

సొంతంగా డెస్క్‌టాప్ అప్లికేషన్ రాసుకునేవారిదీ ఇదే దారి. తొలినాళ్లలో విజువల్ బేసిక్ ఫారంలో బ్రౌజర్ కంట్రోళ్లు ఎన్ని పెట్టినా వాటి చీటీలు కలిసిపోయేవి. డాట్‌నెట్‌లో ఒక్కో ఖాతాకు ఒక్కో కుకీ కంటైనర్ కేటాయించే వీలు దొరికింది. 2013లో పుట్టిన ఎలక్ట్రాన్‌లో ‘పార్టిషన్’ పేరుతో ఒక్కో సెషన్‌కు ఒక్కో గది కట్టొచ్చు. గది పేరు ముందు ‘పర్సిస్ట్’ అని పెడితే అందులోది డిస్కులో నిలుస్తుంది. పెట్టకపోతే అప్లికేషన్ మూయగానే పోతుంది.

ఈ గదులు అక్రమానికీ పనికొచ్చాయి. 2017లో సీబీఐ ‘నియో’ అనే తత్కాల్ సాఫ్ట్‌వేర్ రాసిన ప్రోగ్రామర్‌ను అరెస్టు చేసింది. అతను సీబీఐలోనే ఉద్యోగి. 2020 జనవరిలో ‘ఏఎన్‌ఎంఎస్’ సాఫ్ట్‌వేర్ ముఠా బయటపడినప్పుడు, ఒక్కరి దగ్గరే 563 వ్యక్తిగత ఐఆర్‌సీటీసీ ఐడీలు దొరికాయని రైల్వే రక్షణ దళం ప్రకటించింది. నలుగురి పని విడివిడిగా ఉంచాల్సిన విద్యతో ఒక్కడే వందలమందిలా వేషం వేస్తే, వరుసలో నిలబడ్డ పేదవాడి బెర్తు పోతుంది. 2025 జూలై నుంచి తత్కాల్‌కు ఆధార్ తప్పనిసరి అయింది. తత్కాల్ తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లకు ప్రవేశం లేదు. చీటీ చూపితే చాలదని, చీటీ వెనక మనిషిని చూపమని వ్యవస్థ అడగడం మొదలుపెట్టింది.

అది న్యాయమైన ప్రశ్న. సెషన్‌ను కాపాడటమంటే ఆధార్ నంబరునూ ఓటీపీనీ నమ్మి చేతిలో పెట్టినవారిని కాపాడటమే. నెట్ సెంటర్ కోసం అప్లికేషన్ రాసేవారు ఒక్కో మనిషికి ఒక్కో గది కట్టాలి, పని కాగానే దాన్ని తుడిచే మీట కూడా పెట్టాలి. ఆపరేటరు తెరను కాస్త తిప్పి, “లాగౌట్ చేశానమ్మా, చూస్కోండి” అన్నాకే తర్వాతివారిని పిలవాలి. పాత కిటికీ దగ్గర ముందున్నవారు పక్కకు జరిగేదాకా ఆగడం కూడా ఇందుకే.