రాత్రి కాక తప్పని నవల

దొంగరి మల్లయ్య అంటే చాలామందికి తెలియదు. అంపశయ్య నవీన్ అంటే తెలుస్తుంది. వరంగల్ జిల్లా వావిలాల నుంచి వచ్చి ఉస్మానియాలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివిన ఆ యువకుడు 1965-68 మధ్య ఒక నవల రాశాడు. 1969లో అది అచ్చయ్యాక నవల పేరు ఆయన ఇంటిపేరైపోయింది. అందులో రవి అనే హాస్టల్ విద్యార్థి జీవితంలోని సుమారు 16 గంటలే కథ.

ఈ 16 గంటల లెక్క కేవలం ప్రయోగం కోసం పెట్టుకున్నది కాదని నా అభిప్రాయం. తెలుగు నవలను మొదటి నుంచీ వెంటాడుతున్న ఒక ఇబ్బందికి అది జవాబు. ఆ ఇబ్బంది పేరు ముగింపు.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1878) చూడండి. ధవళేశ్వరం రాజశేఖరుడు పొగడ్తలకు పడిపోయి, జ్యోతిషాన్నీ బంగారం చేస్తామన్నవాళ్ళనూ నమ్మి ఆస్తి అంతా పోగొట్టుకుంటాడు. చివరికి మారువేషంలో తిరుగుతున్న రాజు ఒకరు బయటపడతారు, పోయిందనుకున్నదంతా తిరిగి వస్తుంది. కందుకూరికి దారి చూపిన గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవలలోనూ ఇలాగే ఒక పెద్దమనిషి మారువేషం విప్పుతాడు. చదువుతుంటే హాయిగానే ఉంటుంది. కానీ కష్టాలు రాజశేఖరుడి స్వభావంలోంచి వచ్చాయి, సుఖాలు మాత్రం బయటి నుంచి వచ్చాయి. ఆ అతుకు ఇవాళ్టి పాఠకుడికి కనిపిస్తుంది.

1940లకు వచ్చేసరికి గోపీచంద్ దీన్ని తిరగేశారు. ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును కాపాడటానికి ఏ రాజూ రాడు. కథ శ్మశానంలో ముగుస్తుంది. ఆ ముగింపు భయపెడుతుంది, అయినా ఎవరూ అన్యాయం అనరు. ఎందుకంటే ఆ శ్మశానం వైపు అతను మొదటి పేజీల నుంచే నడుస్తున్నాడు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో నవల మీద చేసిన ప్రసంగాల్లో, చావూ పెళ్ళీ లేకపోతే సగటు నవలాకారుడు కథ ఎలా ముగిస్తాడో అని వాపోయాడు. మన దగ్గర ‘అసమర్థుడు’ చావు పక్షాన నిలిస్తే, 1960ల అద్దె లైబ్రరీలను ఊపేసిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ రెండో పక్షం. జయంతి, రాజశేఖరం కలుస్తారని పాఠకురాలికి ముందే తెలుసు. తెలిసినదాన్ని ఎంత సేపు, ఎంత అందంగా ఆపగలరన్నదే అక్కడి పందెం. ఆ నవలలను చులకన చేసే విమర్శకులకు ఇదొక్కటి అర్థం కాదు: మాట ఇచ్చి నిలబెట్టుకోవడంలో సులోచనారాణిని మించినవాళ్ళు తక్కువ.

అదే దశకంలో ఉస్మానియా హాస్టల్ కుర్రాణ్ణి కథానాయకుణ్ణి చేస్తే ఏ ముగింపు ఇవ్వాలి? రవి సమస్యలు ఒక కొలిక్కి వచ్చే రకం కావు. పేద రైతు కుటుంబం, ఊరి మీద బెంగ, డబ్బు కటకట, తోటి విద్యార్థుల దర్జా, ఆడపిల్లల గురించిన ఆలోచనలు, చదువు అయ్యాక ఏమవుతుందో అన్న దిగులు. చంపితే అబద్ధం, పెళ్ళి చేస్తే ఇంకా పెద్ద అబద్ధం. ఉద్యోగం ఇప్పిస్తే కందుకూరి రాజుగారు మళ్ళీ దిగివచ్చినట్టే.

నవీన్ కాలాన్ని కుదించారు. జాయిస్ ‘యులిసిస్’ (1922), వర్జీనియా ఉల్ఫ్ ‘మిసెస్ డాలొవే’ (1925) ఈ పని అప్పటికే చేశాయి. అయితే లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఒక రోజును నవలగా మలచాలంటే రచయిత చాలా కట్టాలి. క్యాంపస్‌లో రోజు ముందే కట్టి ఉంటుంది. పొద్దున్న స్నానాల గదుల దగ్గర వరస, మెస్, 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ మెట్లు, క్లాసు, లైబ్రరీ, సాయంత్రం తార్నాక వైపో అడిక్‌మెట్ వైపో నడక, మళ్ళీ మెస్, మళ్ళీ గది. హాస్టల్లో ఉన్నవాళ్ళెవరికైనా ఈ క్రమం ఒంటికి పట్టి ఉంటుంది. పాఠకుడు మొదటి గంట చదవగానే చివరి గంట ఉందని తెలుసుకుంటాడు. ఏం జరుగుతుందో తెలియదు, రాత్రి అవుతుందని మాత్రం తెలుసు. రవి బుర్రలో ఆలోచనలు ఎటు పరుగెత్తినా గడియారం వాటిని వెనక్కి లాగుతూనే ఉంటుంది.

నవీన్ రాత మొదలుపెట్టిన 1965లోనే అమెరికాలోని బ్రిన్ మార్ కాలేజీలో విమర్శకుడు ఫ్రాంక్ కెర్మోడ్ ముగింపుల మీద ఉపన్యాసాలిచ్చాడు. రెండేళ్ళకు అవి పుస్తకంగా వచ్చాయి. గడియారం చేసే రెండు చప్పుళ్ళూ ఒకటే, కానీ మనం ‘టిక్’ అనీ ‘టాక్’ అనీ వేరుచేసి వింటాం అంటాడాయన. రెండోదాన్ని ముగింపుగా వినేది మన మనసే. ముగింపు గురించి నాట్యశాస్త్రకారుడు భరతుడు ఇంకా ముందుకు వెళ్ళాడు. నాటకంలో మొదటిదైన ముఖసంధిలో నాటిన బీజం చివరిదైన నిర్వహణసంధిలో ఫలించాలన్నాడు, అక్కడితో ఆగకుండా నిర్వహణలో అద్భుత రసం ఉండాలన్నాడు. విత్తనం తెలిసిందే, పంట చూస్తే మాత్రం ఆశ్చర్యం కలగాలి. చదివేటప్పుడు ఊహించలేకపోయి, చదివాక ఇంకెలా అవుతుందిలే అనుకుంటామే, ఆ రెండు ముక్కలూ అక్కడున్నాయి.

ఒక రోజు పెట్టుకున్నంత మాత్రాన గట్టెక్కరన్నదానికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. ముల్క్ రాజ్ ఆనంద్ ‘అన్‌టచబుల్’ (1935) పారిశుద్ధ్య పని చేసే బాఖా ఒక రోజు కథ. సాయంత్రానికి అతని ముందు మూడు దారులు వచ్చి నిలబడతాయి: ఒక మిషనరీ, గాంధీజీ ప్రసంగం, నీళ్ళతో శుభ్రమయ్యే మరుగుదొడ్డి గురించి ఒక కవి చెప్పే మాట. ముందుమాట రాసిన ఫార్‌స్టరే, ఈ చివరి భాగం కొందరికి మాటలు ఎక్కువైనట్టు, మరీ మేధావుల ధోరణిలో ఉన్నట్టు అనిపించవచ్చని ఒప్పుకుని, ఆ వెంటనే దాన్ని సమర్థించాడు. నాకు ఆ సమర్థన పూర్తిగా రుచించలేదు. పొద్దుటి నుంచీ బాఖా ఒంటి మీద పడిన దెబ్బలు వేరు, సాయంత్రం చెవిన పడిన ఉపన్యాసాలు వేరు. అయినా అతను ఇంటిదారి పట్టినప్పుడు మనసు కుదుటపడుతుంది. ఆ పని చేసింది ఉపన్యాసాలు కావు, పొద్దు గుంకడం.

‘అంపశయ్య’ దగ్గర రోజు ముగిసింది, జీవితం ముగియలేదు. రవి కథను నవీన్ ‘ముళ్ళపొదలు’, ‘అంతస్స్రవంతి’ నవలల్లో కొనసాగించారు. కొందరు దీన్ని మొదటి నవలలో మిగిలిపోయిన లోటుగా చూస్తారు. నాకు అలా అనిపించదు. మొదటి నవల మాట ఇచ్చింది ఒక్క రోజుకే, ఆ బాకీ తీర్చేసింది. మిగతాది వేరే పద్దు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. 2004లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన ‘కాలరేఖలు’ 1940ల తెలంగాణతో మొదలవుతుంది. ఒక ప్రాంతపు చరిత్రకు మెస్ వేళలు ఉండవు, పడుకునే వేళ ఉండదు. ఎక్కడ ఆపినా ఇంకా నడుస్తూనే ఉంటుంది. నవీన్ ఆ నవల దగ్గరా ఆగలేకపోయారు. ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ రాయాల్సి వచ్చింది.