కాలువపై విశ్రాంత జీవితం: ముందు కావలసిన అనుభవం

ఇంగ్లండులో ఉద్యోగ విరమణ పొందినవారిలో కొందరు ఇల్లు అమ్మి, 'నారోబోటు' అనే సన్నని పడవ కొని, కాలువలపై తిరుగుతూ జీవించాలని కోరుకుంటారు. దీని వెనుకనున్న చరిత్రను చూడండి.

1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ బొగ్గు రవాణాకై ప్రారంభమైంది. తరువాత తవ్విన పలు కాలువలలో లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టారు. పడవలూ అందుకు తగ్గట్టే రూపొందాయి. రైళ్ళ పోటీ వల్ల రాబడి తగ్గి, ఎందరో పడవవారు ఆలుబిడ్డలతో పడవలోని చిన్న గదిలోనే కాపురమున్నారు. ఆ ఇరుకు, అంటువ్యాధుల భయం కారణంగా 1877లో పార్లమెంటు చట్టం చేసి, పడవలో నివసించేవారి సంఖ్యకు పరిమితి విధించింది.

ఆ బిడ్డలకు లాకు తలుపులు నెట్టడం చిన్ననాటి విద్య. 65 ఏళ్ళవారికి అది కొత్త శ్రమ. మన గోదావరి లాకుల వద్ద సిబ్బంది ఉంటారు. అక్కడ చాలాచోట్ల పడవవారే తలుపులు తెరుచుకోవాలి. మోకాళ్ళు, నడుము, గుండె అందుకు సహకరించాలి. మూసిన గదిలో పొయ్యి వెలిగిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీయగలదు, అలారం తప్పనిసరి.

కనుక ఇల్లు అమ్మక ముందే అద్దె పడవలో కొన్ని వారాలు గడపడం వివేకం. వేసవి ఒక్కటే చాలదు, చలిలోనూ ఉండి చూడాలి. కోరిక మనసుది, భారం మోయవలసింది శరీరం.