రజకుని మూటలో రాజవంశం



పోర్చుగీసువారిని మన పెద్దలు బుడతకీచులు అనేవారు. ఆ బుడతకీచుల భాషలో 1990లో వెలువడిన ఒక యుద్ధచిత్రాన్ని ఈమధ్య మా మనుమడు నాకు చూపించాడు. దర్శకుడు మనోయెల్ ద ఒలివేరా. చిత్రం పేరును తెనిగిస్తే 'కాదు, లేక ఏలుబడి అనే వృథాకీర్తి' అని వస్తుంది. ఆఫ్రికా వలసలో లారీ మీద పోతున్న సైనికులకు ఒక లెఫ్టినెంటు తమ దేశచరిత్ర చెబుతూ ఉంటాడు. అందులో ఎక్కువ భాగం ఓటములే. 1578లో మొరాకో గడ్డపై సెబాస్టియన్ రాజు సేనతోపాటు నశించిన అల్కాసర్ కిబిర్ యుద్ధం వాటిలో ముఖ్యమైనది. తుదకు ఆ లెఫ్టినెంటు కూడా గాయపడి 1974 ఏప్రిల్ 25న కన్నుమూస్తాడు. లిస్బనులో నియంతృత్వం కూలినది ఆనాడే.

ఓడినవారు తమ ఓటమిని తామే చెప్పుకోవడం నన్ను ఆలోచనలో పడవేసింది. ఆ పట్టికలో చేరదగిన ఓటమి ఒకటి మా నెల్లూరు తీరం చెంతనే జరిగింది. మేము ప్రళయకావేరి అని పిలుచుకునే సరస్సుకు దక్షిణపు కొసన పులికాట్ రేవు ఉన్నది. అక్కడ డచ్చివారు కట్టుకున్న వర్తకశాలను 1612లో శాంథోం నుండి వచ్చిన బుడతకీచులు ధ్వంసం చేశారు. మరుసటి ఏటికే అక్కడ డచ్చివారి గెల్డ్రియా కోట లేచి నిలిచింది. చిత్రంలో ఈ ఊసు లేదు.

అయితే మనం మరచిన ఒక సంగతిని మాత్రం వారి భాషే దాచిపెట్టింది.

1614లో విజయనగర చక్రవర్తి వెంకటపతిదేవరాయలు మరణించాడు. ఆయన కోరిక మేరకు అన్నకొడుకు శ్రీరంగరాయలు సింహాసనమెక్కాడు. గొబ్బూరి జగ్గరాయడు అందుకు సమ్మతింపక, శ్రీరంగరాయలను ఆలుబిడ్డలతో సహా చెరపట్టాడు. అతనిని ఎదిరించి నిలిచినవాడు వెలుగోటి యాచమనాయడు. చాలాకాలం నెల్లూరు జిల్లాలో ఉండిన వెంకటగిరి సంస్థానాన్ని ఏలినది ఆ వెలుగోటివారే. చెరలో ఉన్న ముగ్గురు రాకుమారులలో నడిమివాడు, పన్నెండేళ్ళ బాలుడు, యాచముని ఉపాయం వల్ల బయటపడ్డాడు. లోపలికి రాకపోకలున్న ఒక రజకుడు ఆ పిల్లవాణ్ణి బట్టల మూటలో కట్టి, తలకెత్తుకొని, కావలివాండ్ర నడుమనుండి నడిచి వచ్చాడు. మూట కదిలినా, పిల్లవాడు దగ్గినా ఇద్దరి ప్రాణాలూ పోయేవే. చెరలో మిగిలినవారిని జగ్గరాయని పక్షంవారు కడతేర్చారు. మూటలోని బాలుడే తరువాత రామదేవరాయలైనాడు.

ఈ ఉదంతాన్ని మాన్యుయెల్ బర్రాదాస్ అనే జెసూట్ మతాచార్యుడు 1616 డిసెంబరు 12న కొచ్చిన్ నుండి పోర్చుగీసులో వ్రాసిన లేఖలో వివరించాడు. 1900లో రాబర్ట్ సివెల్ తన గ్రంథంలో దానిని ఆంగ్లంలో అందించాడు. కావేరి ఒడ్డున తోపూరులో జరిగిన యుద్ధంలో జగ్గరాయడు హతుడైనాడు. యాచమునికి అండగా నిలిచి గెలిచిన తంజావూరు రఘునాథనాయకుని కీర్తిని రామభద్రాంబ సంస్కృత కావ్యంగా వ్రాసింది. యాచముని పరాక్రమం వెలుగోటివారి వంశావళికెక్కింది. మూట మోసినవాని పేరు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. అతని పనిని వ్రాసిపెట్టిన బర్రాదాసు కూడా పేరు చెప్పలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక రజకుల పిల్లవాడు పాఠం నడుమ లేచి, "అయివోరా, చరిత్రలో మావోళ్ళు ఎవురూ లేరా?" అని అడిగాడు. పద్యాలూ వంశావళులూ వల్లెవేసిన పండితుణ్ణి. నాకు ఒక్కరూ తోచలేదు. "కూర్చోరా, పాఠం విను" అన్నాను. బర్రాదాసు లేఖను చదివినది పదవీ విరమణ తరువాతనే. వానికి చెప్పవలసిన జవాబు అంతకాలమూ అందులోనే ఉన్నది. నేను వెదకలేదు, అంతే.

ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడో ఎరుగను. మీలో బడిపంతుళ్ళున్నారు, బిడ్డలకు కథలు చెప్పే తల్లిదండ్రులున్నారు. తోపూరు యుద్ధం చెప్పవలసివస్తే కత్తులతోనూ ఏనుగులతోనూ ఆరంభించకండి. బట్టల మూటతో ఆరంభించండి. అది దాటిరాకుంటే రామదేవరాయలు లేడు.