వెండి రూపాయి సాక్ష్యము

పుత్తూరు, నగరి, నారాయణవనము ప్రాంతములలో పెద్దలు దాచిన వెండి రూపాయి చేతికి చిక్కినచో మనము మొదట చూచునది దానిమీది సంవత్సరము. పిదప దానిని త్రాసులో వేయుదుము. కాని ఆ సంవత్సరము అన్నివేళల నిజము చెప్పదు. నాణెము ఎప్పుడు, ఎక్కడ పుట్టినదో తెలియవలెనన్న, దానిని వేసిన అచ్చుదిమ్మ జాడలను వెదకవలెను.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము ఈ ప్రాంతము ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిది. ఆర్కాడు పేర చెల్లిన రూపాయియే ఇందుకు మొదటి ఉదాహరణము. దానిపై మొగలు చక్రవర్తి రెండవ ఆలంగీరు నామము, హిజరీ 1172, ఏలుబడిలో ఆరవ సంవత్సరము అని పారసీ లిపిలో ఉండును. అనగా క్రీ. శ. 1758-59. ఆ చక్రవర్తి 1759లోనే హత్యకు గురియయ్యెను. అయినను ఈస్టిండియా కంపెనీవారు పందొమ్మిదవ శతాబ్దమునందు సైతము మద్రాసు టంకసాలలో అదే పేరుతో, అదే తేదీతో రూపాయలు వేయుచు వచ్చిరి. పాత సంవత్సరపు నాణెములకు షరాబులు వట్టము తీయుట ఆనాటి వాడుక. తేదీ మారనిచో ఆ చిక్కు లేదు. జనులకు అలవాటైన రూపును చెడదు.

మరి వీనిని వేరుచేయుట ఎట్లు? తామరపూవు గుర్తు గలది మద్రాసు కంపెనీది; నెలవంక గలది పుదుచ్చేరి ఫ్రెంచివారిది. సుత్తిదెబ్బతో వేసినది మందముగానుండి, కొన్ని అక్షరములు బిళ్ళ వెలుపలికి పోయియుండును. యంత్రముతో వేసినది వెడల్పుగా, గుండ్రముగా ఉండును.

1835లో కంపెనీ ఏలుబడికంతటికి ఒకే రూపాయి ఏర్పడెను. తూకము 180 గ్రెయిన్లు, అనగా తులము; అందు పండ్రెండింట పదునొకండు పాళ్ళు వెండి. నాలుగవ విలియము రాజు మెడ అంచున కొన్నింట ‘ఆర్. ఎస్.’ అనియు, కొన్నింట ‘ఎఫ్.’ అనియు సూక్ష్మాక్షరములు కలవు. అవి కలకత్తా టంకసాల అధికారులైన సాండర్సు, ఫోర్బ్సుల పేరులకు సంకేతములు. విక్టోరియా రాణి 1840 రూపాయలలో ఒక తెగయందు పేరు తలచుట్టు ఎడతెగక సాగును. వేరొక తెగయందు ఇరుప్రక్కల విడిపోవును. ఉక్కుదిమ్మ అరిగినచో క్రొత్తది చేయుదురు గదా! క్రొత్తదానిలో అక్షరము జరుగవచ్చును, వెనుకవైపు దండలో కాయల సంఖ్య మారవచ్చును. అందుచే ఆ కాయలను లెక్కించియే దిమ్మల భేదము తేల్చుదురు.

1840 తేదీ 1862 వరకు మారలేదు. 1862 తేదీయు 1874 వరకు నిలిచెను. అయితే ఈ రెండవదానిలో బొంబాయి టంకసాలవారు వెనుకవైపున చిన్నచిన్న చుక్కలు చేర్చిరి. ఆ చుక్కల సంఖ్య నాణెము వేసిన యేటికి గుర్తని నాణెశాస్త్రజ్ఞుల నిర్ణయము.

కావున ఇంట పాత రూపాయి ఉన్నచో చింతపండుతో తోమి మెరుగు పెట్టకుడు. రాపిడికి మొదట పోవునవి ఈ సన్నని గుర్తులే. ప్రక్కనుండి వెలుతురు పడునట్లు పట్టుకొని భూతద్దముతో చూడుడు. పట్టీలకో మొలత్రాటికో కంసాలి మూసలో వేయించుటకు ముందు ఈపాటి పరీక్ష చేయుట మేలు. కరిగిన పిదప తులము వెండి వెండిగనే మిగులును. ఎవరి పేర, ఎవరు, ఏనాడు ఈ సీమలో నాణెము చెల్లించిరో చెప్పు తామరయు, చుక్కయు మరల రావు.