పట్టా మీద నమ్మకం లేనివాడి పేర పట్టా

1972లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్‌ను వృత్తిసేవకు ఇచ్చే పురస్కారంతో సన్మానించింది. పరిశోధనకు ఇచ్చే పురస్కారం 1956లోనే ఆయనకు దక్కింది. రెండూ అందుకున్న మొదటి మనిషి ఆయనే. అయితే ఆ సభలో ఆయన లేవదీసిన ప్రశ్న సన్మానం చేసినవాళ్లకు రుచించేది కాదు. ఈ లైసెన్సులు, సర్టిఫికెట్లు మనకెందుకు? సర్టిఫికెట్ లేని మోసగాళ్లు ఎంతమంది ఉన్నారో, సర్టిఫికెట్ ఉన్న మోసగాళ్లూ అంతమంది ఉన్నారు కదా అన్నది ఆయన వాదన. ఇవాళ అదే మనిషి పద్ధతి పేరు చెప్పి బ్రిటన్‌లో డిప్లొమాలు, బీఏలు, ఎంఏలు ఇస్తున్నారు. ఆ పద్ధతి పేరు పర్సన్ సెంటర్డ్ కౌన్సెలింగ్. దాని చదువు చరిత్రంతా ఈ పేచీ చుట్టూనే తిరిగింది. ఎదుటివాడి గోడు కపటం లేకుండా, తీర్పు చెప్పకుండా వినే గుణానికి సిలబస్ ఎలా రాస్తారు? మార్కులెవరు వేస్తారు?

రోజర్స్ చదువే తిన్నగా సాగలేదు. 1902లో షికాగో శివారు ఓక్ పార్క్‌లో పుట్టాడు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో వ్యవసాయం చదవడానికి చేరి, చరిత్రలో పట్టా పుచ్చుకున్నాడు. మతబోధకుడు కావాలని 1924లో న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో చేరాడు. అక్కడ కొందరు విద్యార్థులు కలిసి ఒక కోరిక కోరారు: మా సందేహాలే పాఠ్యాంశంగా, పంతులు లేకుండా మేమే ఒక సెమినార్ నడుపుకుంటాం, దానికి క్రెడిట్లూ ఇవ్వండి అని. సెమినరీ ఒప్పుకుంది. ఒక యువ అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టింది గానీ, అడిగితే తప్ప నోరు విప్పకూడదన్నది షరతు. ఆ సెమినార్ పుణ్యమా అని రోజర్స్ తన సందేహాలు తానే తేల్చుకుని మతవృత్తి వదిలేశాడు, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న కొలంబియా టీచర్స్ కాలేజీలో సైకాలజీకి వచ్చాడు. తరవాతి కాలంలో ఆయన పద్ధతిలో నడిచిన తరగతులన్నిటికీ మూలం ఈ పంతులు లేని తరగతే అని నాకనిపిస్తుంది.

1928 నుంచి పన్నెండేళ్లు రోచెస్టర్‌లో పిల్లల సంక్షేమ సంస్థలో పనిచేశాడు. ఆయనే పదేపదే చెప్పుకున్న సంగతొకటి అక్కడిది. అల్లరి చేసే ఒక కుర్రాడి తల్లిని కూర్చోబెట్టుకుని, తప్పు నీ పెంపకంలోనే ఉందమ్మా అని ఆమెకు నచ్చజెప్పాలని వారాల తరబడి చూశాడు. ఆమె ఒప్పుకోదు. చివరికి ఇద్దరూ ఓటమి ఒప్పుకుని చేతులు కలిపి వీడ్కోలు చెప్పుకున్నారు. గుమ్మం దాకా వెళ్లిన ఆమె వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామనగానే వచ్చి కూర్చుని తన కాపురంలోని కష్టమంతా వెళ్లబోసుకుంది. అసలు వైద్యం అప్పుడు మొదలైంది. ఎక్కడ నొప్పో నొప్పి పడేవాడికే తెలుసన్న పాఠం ఆయనకు ఏ యూనివర్సిటీలోనూ దొరకలేదు.

అప్పటి అమెరికాలో సైకోథెరపీ అంటే ఎండీ చదివిన సైకియాట్రిస్టుల సొత్తు. రోచెస్టర్‌లో కొత్త గైడెన్స్ సెంటర్‌కు డాక్టరు కాని మనిషి అధిపతి కావడమేమిటని గొడవ కూడా జరిగింది. 1939లో ఆ గొడవ గెలిచి ఆయనే డైరెక్టరయ్యాడు. డాక్టర్లతో పేచీ లేకుండా సైకాలజిస్టులు ఈ పని చేసుకోవడానికి కౌన్సెలింగ్ అన్న పేరు చాటుగా పనికొచ్చింది.

1940లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆయన్ను ప్రొఫెసర్‌గా పిలిచింది. ఆ ఏడాది డిసెంబర్ 11న మిన్నెసోటా యూనివర్సిటీలో ఇచ్చిన ఉపన్యాసమే తన పద్ధతికి పుట్టినరోజని ఆయన అనేవాడు. నన్నడిగితే ఈ చదువుకు పుట్టినరోజు ఉపన్యాసంలో కాదు, రికార్డింగ్ మిషన్ దగ్గరుంది. ఆ రోజుల్లో కౌన్సెలింగ్ గదిలో జరిగే మాటల్ని 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీద రికార్డు చేసేవారు. ఒక్కో వైపు మూడు నిమిషాలకే నిండిపోయేది. గంటసేపు మాటలు పట్టాలంటే రెండు మిషన్లు పెట్టి, ఒకటి నిండగానే రెండోది తిప్పాలి. అంత యాతన పడి రికార్డు చేసిన మాటల్ని గురువూ శిష్యులూ మిషన్ చుట్టూ మూగి మళ్లీ మళ్లీ వినేవారు. ఎక్కడ తాము తొందరపడి సలహా ఇచ్చారో, ఎదుటిమనిషి మాట ఎక్కడ ఆగిపోయిందో, ప్లేటు దాచకుండా చెప్పేది. అంతకుముందు శిష్యుడు గుర్తున్నంత, చెప్పదలచుకున్నంత గురువుకు చెప్పేవాడు. 1942లో వచ్చిన ‘కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ’ పుస్తకంలో హెర్బర్ట్ బ్రయన్ అనే మారుపేరుతో ఒకరి కేసులోని ఎనిమిది సమావేశాల సంభాషణ పొల్లుపోకుండా అచ్చయింది. ఇవాళ్టికీ ఈ కోర్సుల్లో విద్యార్థి తన రికార్డింగు తెచ్చి తరగతిలో వినిపించి, మాట మాటకూ జవాబు చెప్పుకోవలసిందే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. ఇళ్లకు చేరిన సైనికుల మనసులు కుదుటపరచడానికి లెక్కకు మించి మనుషులు కావలసి వచ్చారు. 1946, 47ల్లో, అప్పటికి షికాగో యూనివర్సిటీకి మారిన రోజర్స్ బృందం వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ కౌన్సెలర్లకు స్వల్పకాలిక శిక్షణలు నడిపింది. చిన్న బృందాలుగా కూర్చుని ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోవడమే ఆ శిక్షణలో ప్రధాన భాగం. 1960లలో ఎన్‌కౌంటర్ గ్రూపులన్న పేరుతో అమెరికాను ఊపేసిన ఇలాంటి బృందాల విత్తనాల్లో ఒకటి ఇక్కడ పడింది.

1957లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగానికి మూలస్తంభం. మనిషిలో మార్పు రావడానికి ఆరు షరతులు చాలునన్నాడు. అందులో సాయం చేసేవాడి వంతు మూడు: నటన లేకపోవడం, ఎదుటివాణ్ణి షరతులు పెట్టకుండా ఆదరించడం, వాడి లోకాన్ని వాడి కళ్లతో చూడడం. ప్రత్యేకమైన శాస్త్రజ్ఞానం ఉండి తీరాలని అందులో ఎక్కడా లేదు. పరీక్షలు పెట్టేవాళ్లకు ఇంతకన్నా ఇరకాటం ఏముంటుంది? చార్ల్స్ ట్రువాక్స్, రాబర్ట్ కార్కఫ్ సహానుభూతిని కొలిచే స్కేళ్లు తయారు చేశారు. కొలత వచ్చాక దాన్ని అందుకునే కిటుకులూ వచ్చాయి. క్లయింటు అన్న చివరి మాటను చిలకలా అప్పజెప్పడమే రోజర్స్ పద్ధతి అని ప్రచారమైంది. ఆ వెక్కిరింత ఎంత నొప్పించిందంటే, కొన్నేళ్లపాటు సహానుభూతితో వినడం గురించి నోరెత్తడమే మానేశానని 1975లో ఆయన రాసుకున్నాడు. 1963లో, తాను అప్పుడు పనిచేస్తున్న విస్కాన్సిన్ యూనివర్సిటీ సైకాలజీ విభాగానికి రాజీనామా ఇచ్చింది కూడా పీజీ విద్యార్థుల్ని పరీక్షలతో వడగట్టే తీరు నచ్చకే.

ఆయన వదిలేసిన యూనివర్సిటీ చదువు అట్లాంటిక్ అవతల వేళ్లూనుకుంది. 1960ల మధ్యలో రీడింగ్, కీల్ యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ కోర్సులు మొదలయ్యాయి. రీడింగ్‌లో చదివిన బ్రయన్ థోర్న్, కాలిఫోర్నియా వెళ్లి రోజర్స్ దగ్గర కొంతకాలం గడిపిన డేవ్ మెర్న్స్ కలిసి రాసిన 1988 నాటి పుస్తకం ‘పర్సన్ సెంటర్డ్ కౌన్సెలింగ్ ఇన్ యాక్షన్’ బ్రిటన్ విద్యార్థులకు పెద్దబాలశిక్ష అయింది. గ్లాస్గోలో స్ట్రాత్‌క్లయిడ్, నార్విచ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలు ఈ పద్ధతికి పేరుపడ్డాయి.

ఈ కోర్సుల్లో విచిత్రమైన పీరియడ్ ఒకటుంటుంది. పాతిక ముప్పై కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ట్యూటర్లు కూడా ఆ వలయంలోనే కూర్చుంటారు. పాఠం లేదు, ఎజెండా లేదు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఒకరు గొంతు సవరించుకుంటారు. ఇంకొకరు, నిన్న నువ్వన్న మాట నాకు గుచ్చుకుంది అంటారు. ఫీజు కట్టింది దీనికా అని కోపం తెచ్చుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ కోపాన్ని దాచకుండా చెప్పడం కూడా చదువే. మార్కుల విషయంలోనూ మెర్న్స్ లాంటివాళ్లు విద్యార్థి తనను తాను అంచనా వేసుకోవాలన్నారు. వ్యాసాలు, ముగ్గురేసి కూర్చుని చేసే సాధన, సూపర్‌విజన్ అనే పర్యవేక్షణ సరేసరి. వీటికి తోడు వృత్తి సంఘమైన బీఏసీపీ గుర్తింపున్న కోర్సయితే, సూపర్‌విజన్‌లో నిజమైన క్లయింట్లతో కనీసం వంద గంటలు గడపాలి. ఇంతా చేస్తే బ్రిటన్‌లో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి చట్టం ఏ పట్టానూ అడగదు.

2008 నుంచి ఇంగ్లండ్‌లో ప్రభుత్వం మానసిక చికిత్సను అందరికీ అందుబాటులోకి తెచ్చే పథకం చేపట్టింది. పెద్దపీట కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి (సీబీటీ) దక్కింది. రోజర్స్ శిష్యులు తమ పద్ధతికీ ఒక మాన్యువల్ రాసుకుని లోపలికి రావలసి వచ్చింది. 2021లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అధ్యయనంలో 510 మంది పాల్గొన్నారు. ఆరు నెలలకు రెండు పద్ధతులూ సమఉజ్జీలని తేలింది. ఏడాదికి చూస్తే సీబీటీది కాస్త పైచేయి. పద్ధతికి అవమానం కాదు, తిరుగులేని విజయమూ కాదు.

మన దేశానికి ఈ చదువు ఎక్కువగా చర్చిల దారిన వచ్చింది. షికాగో లయోలాలో చదివొచ్చిన ఆంథనీ డి మెల్లో 1970ల మొదట్లో పుణేలో సాధనా ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. వెల్లూరులో క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ 1970ల నుంచి శిక్షణ ఇస్తోంది. జెస్యూట్ జో కర్రీ ‘ద బేర్‌ఫుట్ కౌన్సెలర్’ పేరుతో చెప్పులు లేని కౌన్సెలర్లను తయారు చేయాలనుకున్నాడు. యూనివర్సిటీలు మాత్రం సైకాలజీ పీజీలో కౌన్సెలింగును ఒకటి రెండు పేపర్లుగా చేర్చి ఊరుకున్నాయి. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం క్లినికల్ సైకాలజిస్టులకు రిజిస్ట్రేషన్ పెట్టింది గానీ, సాధారణ కౌన్సెలర్లను పట్టించుకున్న చట్టం 2021లో గానీ రాలేదు.

ఇప్పుడు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పునిస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హులైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. అంటే తెలుగు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీలన్నిటికీ మనుషులు కావాలి. కార్పొరేట్ కాలేజీ యాజమాన్యం, ర్యాంకు గురించి మోటివేషన్ దంచే మనిషిని కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెట్టి చేతులు దులుపుకుంటుందేమోనన్నది నా భయం. కోర్టు అడిగింది అది కాదు. అదే ఏడాది యూజీసీ సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చెప్పకూడదని ఆదేశించింది. ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లకు ఇది దెబ్బే. అయినా ఎదుట మనిషి లేకుండా వినడం నేర్పలేమన్న సంగతి మాత్రం అందులో ఉంది.

రోజర్స్ 1987 ఫిబ్రవరి 4న పోయాడు. పట్టాల గురించి ఆయన అన్నది సగమే నిజమని నా లెక్క. పట్టా మంచి కౌన్సెలర్‌ను తయారు చేయదు, అది ఒప్పుకోవచ్చు. కానీ ఎవరి సూపర్‌విజన్‌లోనూ లేని, తన రికార్డింగు తానెప్పుడూ వినని మనిషి ముందు పదహారేళ్ల పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టడం అంతకన్నా ప్రమాదం. ఈ చదువులో చేరాలనుకునేవాళ్లు ప్రాస్పెక్టస్‌లో సబ్జెక్టుల జాబితా తరవాత చూసుకోవచ్చు. క్లయింట్లతో ఎన్ని గంటలు కూర్చోబెడతారో, ఆ గంటల్ని ఎవరు పర్యవేక్షిస్తారో ముందు అడగండి. జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.