తొమ్మిదులు తీసేసిన చేతులు

భాజనీయతా సూత్రాలు మొదట బడి కోసం పుట్టలేదు. ఎక్కువగా లెక్క తప్పిందేమోనన్న భయంలోంచి పుట్టాయి.

952లో డమాస్కస్‌లో అల్ ఉక్లిదీసీ హిందూ అంకెల లెక్కల మీద అరబ్బీలో పుస్తకం రాసేనాటికి గుణకారాలు దుమ్ము పరిచిన పలక మీద సాగేవి. అడుగడుగునా పాత అంకె చెరిపి కొత్తది వేసేవారు. చివరికి జవాబు మిగిలేది, వచ్చిన దారి మిగిలేది కాదు. ఆయన కాగితం, సిరా వాడమన్నది ఊరికే కాదు. ఇలాంటి చోట తొమ్మిదులు తీసేసి సరిచూడటం, అంటే అంకెలు కూడి పోల్చడం, గొప్ప ఆసరా. 23ని 14తో గుణిస్తే 322 వచ్చిందనుకోండి. మొదటి రెండింటి అంకెల మొత్తాలు 5, 5. వాటి లబ్ధం 25, దాని అంకెలు కూడితే 7. జవాబు అంకెల మొత్తమూ 7. మన దేశంలో రెండో ఆర్యభటుడి మహాసిద్ధాంతంలోనూ ఈ పరీక్ష ఉంది. అయితే 322కు బదులు 232 రాసినా ఈ పరీక్ష పసిగట్టలేదు. 1202లో ఫిబొనాచీ 7, 11లతో కూడా సరిచూడటం నేర్పాడు.

ఏడుకు ఇంకా పాత చరిత్ర ఉంది. యూదుల తాల్ముద్‌లో, ఏడేళ్లకోసారి వచ్చే భూమి విశ్రాంతి సంవత్సరం లెక్కకు ప్రతి నూరుకు రెండేసి తీసుకోమన్నారు. నూరులో ఏడు భాగించే 98 పోతే మిగిలేది రెండే కదా!

తెలుగువాళ్లకు ఈ కథలో పక్కదారిలో ఒక చోటు ఉంది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలో తెలుగు చేశాడు. 152207ను 73తో గుణిస్తే 11111111 వచ్చే ముచ్చట్లు ఆ మూలగ్రంథానివే. కారణాంకాలతో ఆడుకోవడం మనకు కొత్తేమీ కాదు.

అసలు మలుపు ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్. 1654 ప్రాంతంలో రాసి, ఆయన పోయాక 1665లో అచ్చయిన చిన్న వ్యాసంలో ఏ సంఖ్యకైనా పనికొచ్చే ఒకే కిటుకు చెప్పాడు: 1, 10, 100, 1000లను ఆ సంఖ్యతో భాగించి శేషాలు చూడండి. తొమ్మిదికి ప్రతిసారీ 1 మిగులుతుంది, అందుకే అంకెలు కూడితే చాలు. ఏడుకు 1, 3, 2, 6, 4, 5. 364లో 4 ఒకట్లు, 6 మూళ్లు, 3 రెళ్లు కలిపితే 28. ఏడు భాగిస్తుంది. పదులకు బదులు పన్నెండ్లతో సంఖ్యలు రాసే లెక్కలోనూ ఇదే నడుస్తుందని కూడా చూపాడు. 1801లో గణితవేత్త గౌస్ ఇలా శేషాలు సమానం కావడానికి మూడు గీతల గుర్తు (≡) ఇచ్చి పెద్ద శాస్త్రంలో కలిపేశాడు.

బడికి వచ్చేసరికి పరీక్ష మిగిలింది, కారణం జారిపోయింది. ‘మూడైతే అంకెలు కూడు, నాలుగైతే చివరి రెండు చూడు’ అని పిల్లలు ఎక్కాల్లా అప్పజెబుతారు. 1965లో అచ్చయిన భారతీకృష్ణ తీర్థుల ‘వేద గణితం’ 19 లాంటి వాటికీ సూత్రాలిచ్చింది. 361లో చివరి 1ని రెట్టించి 36కు కలిపితే 38, అంటే రెండు పంతొమ్మిదులు. లెక్క నిక్కచ్చి. వేదాల్లో ఉందన్న మాటకే చరిత్రకారులకు ఆధారం దొరకలేదు.

ఏడును మాత్రం చాలా పుస్తకాలు దాటేస్తాయి. 2019లో లండన్‌లో చదువుతున్న 12 ఏళ్ల నైజీరియా కుర్రాడికి అలాంటి పుస్తకమే దొరికింది. చివరి అంకెను ఐదింతలు చేసి మిగతాదానికి కలపాలని వాడు సొంతంగా కనిపెట్టాడు. 364లో 36కు 20 కలిపితే 56, దాన్ని ఏడు భాగిస్తుంది. సూత్రం లోకానికి పాతదే. నడిచేది ఎందుకంటే, పదికి ఐదింతలైన 50, ఏడు భాగించే 49 కంటే ఒకటి ఎక్కువ.